నాలుగు వైపులా కొలిచారు సరే, క్రాస్ కొలిచారా?

ప్రశ్న: సార్, మాది కోరుట్ల. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. ఇల్లు కట్టుకుందామని ఊరి చివర ఒక ప్లాటు చూశాం. గజం 9 వేలకు మాట అయ్యింది, బయానా కూడా ఇచ్చాం. అక్కడ రోడ్డు ఏటవాలుగా పోయింది కాబట్టి ప్లాటు సరిగ్గా నలుచదరంగా లేదు. రోడ్డు వైపు 36 అడుగులు, వెనక వైపు 32, ఎడమ పక్క 53, కుడి పక్క 51. మధ్యవర్తి ఎదురెదురు వైపులను కలిపి సగం చేసి, 34 ఇంటూ 52 అని, 196 గజాల పైచిలుకు వస్తుందన్నాడు. ఎనిమిదో తరగతి చదివే మా పాప "అట్లా గుణిస్తే తప్పు మమ్మీ" అంటోంది. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేకపోతోంది. చుట్టుకొలత, వైశాల్యం కూడా తనకు ఒక్కోసారి కలిసిపోతుంటాయి. మొన్న ఆదివారం రోడ్డు మీది ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు తనే టేపు పట్టించింది, 70 అడుగులు వచ్చింది. దాంతో ఏం చేయాలో మా ఇద్దరికీ తెలియలేదు. రిజిస్ట్రేషన్ ఇంకో ఇరవై రోజుల్లో ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి లెక్క నమ్మాలి?
(ఒక గృహిణి, కోరుట్ల)

అమ్మా,

మీ పాప మాట నమ్మండి. మధ్యవర్తి చెప్పినట్టు 34ను 52తో గుణిస్తే 1768 చదరపు అడుగులు, అంటే 196.4 గజాలు. పాప పట్టిన 70 అడుగుల కొలత సరిగ్గా ఉంటే మీ ప్లాటు 1688 చదరపు అడుగులే, 187.6 గజాలు. తేడా 80 చదరపు అడుగులు. గజం 9 వేలంటే చదరపు అడుగు వెయ్యి రూపాయలు పడుతుంది. అంటే అక్కడ లేని నేలకు మీరు 80 వేలు కట్టబోతున్నారు. మీ ఆయన ఇంటికి దూరంగా ఉండి, ఎండలో నిలబడి సంపాదించిన డబ్బు అది. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను. మీరు చదివి పాపతో కూడా చదివించండి.

ముందు పాప సందేహం తీరుద్దాం, అది తీరితే మీది సగం తీరినట్టే. మా వరంగల్‌లో కొత్తవాడ దర్రీలకు పేరు. నేను లెక్కలు చెప్పిన రోజుల్లో ఆ నేత ఇళ్ల పిల్లలు నా క్లాసులో ఉండేవాళ్లు. వాళ్లకు నేనెప్పుడూ సూత్రంతో మొదలుపెట్టలేదు, మగ్గంతో మొదలుపెట్టేవాణ్ణి. 4 అడుగుల వెడల్పున్న దర్రీ నేస్తున్నారనుకోండి. ఒక అడుగు నేత పూర్తయ్యేసరికి అడుగుకు అడుగు గళ్లు నాలుగు తయారవుతాయి. ఇంకో అడుగు నేస్తే ఇంకో నాలుగు. 6 అడుగులు నేసి దించేసరికి 24 గళ్లు. వరుసకు ఎన్ని గళ్లు, అట్లాంటి వరుసలు ఎన్ని అని లెక్కపెట్టడమే పొడవును వెడల్పుతో గుణించడం. ఆ 24 గళ్లే వైశాల్యం. అదే దర్రీకి చుట్టూ అంచు కుట్టాలంటే 4, 6, 4, 6 కలిపి 20 అడుగుల పట్టీ కావాలి. అది చుట్టుకొలత. ఇప్పుడు 2 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న దర్రీ తీసుకోండి. దానికీ అంచు పట్టీ 20 అడుగులే పడుతుంది, కానీ నేత 16 గళ్లే. అంచు ఖర్చు ఒకటే, పడుకునే జాగా మాత్రం మూడో వంతు తగ్గింది. ఈ ఉదాహరణ ఒక్కసారి చేతితో గీసిన పిల్లలు మళ్లీ ఆ రెండింటినీ కలపడం నేను చూడలేదు. పాపతో గళ్ల కాగితం మీద గీయించండి.

గజం దగ్గర కూడా ఒక తికమక ఉంది. బట్టల కొట్లో గజం అంటే 3 అడుగుల పొడవు. ప్లాటు దగ్గర గజం అన్నప్పుడు మనం చదరపు గజాన్ని అంటున్నాం, అంటే 3 అడుగులకు 3 అడుగుల గడి. అందులో చదరపు అడుగులు 9 ఉంటాయి, 3 కాదు. అందుకే చదరపు అడుగులను 9తో భాగిస్తే గజాలు వస్తాయి.

ఇక అసలు విషయం. గళ్లు పేర్చి లెక్కపెట్టడం ఎప్పుడు కుదురుతుంది? మూలలు మూలమట్టానికి సరిపోయినప్పుడు. మూల వాలిపోతే గళ్లు పక్కల దగ్గర తెగిపోతాయి, గుణించి వచ్చిన సంఖ్యకు నేల మీద అర్థం ఉండదు.

మీ అమ్మగారింట్లోనో అత్తగారింట్లోనో పాత నులక మంచం ఉంటే పాపకు చూపించండి. బిగువు పోయిన మంచాన్ని ఒక మూల పట్టుకుని నెడితే మొత్తం పక్కకు వాలుతుంది. నాలుగు పట్టెల్లో ఏ ఒక్కటీ అంగుళం కూడా తగ్గలేదు. కానీ మధ్యలో జాగా తగ్గింది, ఇంకా నెడితే ఇంకా తగ్గుతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు దూరం పెరుగుతుంది, రెండో జత మూలలు దగ్గరవుతాయి. మంచం లేకపోతే నాలుగు చీపురు పుల్లలను చివర్లలో దారంతో కట్టి నొక్కి చూడండి, అదే కనిపిస్తుంది. మూడు పుల్లలు కట్టి చూడండి, ఎంత నెట్టినా కదలదు. త్రిభుజానికి మూడు భుజాలు చెబితే ఆకారం ఖాయమైపోయింది. నాలుగు భుజాల ఆకారానికి ఆ నాలుగూ చాలవు, అయిదో కొలత కావాలి. మీ పాప ఆదివారం పట్టింది ఆ అయిదో కొలతనే. పుస్తకంలో దాన్ని కర్ణం అంటారు, మేస్త్రీలు క్రాస్ అంటారు. ఎవరూ చెప్పకుండానే టేపు అటు పట్టాలని తనకు తోచిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

మీ ప్లాటు భుజాలతోనే చూపిస్తాను. 36, 51, 32, 53 అవే ఉంచి, క్రాస్ 70 బదులు 75 అడుగులు వచ్చిందనుకుందాం. అప్పుడు వైశాల్యం సరిగ్గా 1530 చదరపు అడుగులు, 170 గజాలు. నాలుగు వైపులా ఒక్క అంగుళం మారలేదు, కానీ మధ్యవర్తి లెక్కకూ నేలకూ తేడా 26 గజాలు దాటింది. అతని కాగితం మీద మాత్రం అప్పుడూ 196.4 గజాలే ఉంటుంది, ఎందుకంటే ఆ లెక్క వాలును చూడదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ నాలుగు భుజాలను ఎంత బాగా నిలబెట్టినా, ఎట్లా తిప్పినా, 196.2 గజాలకు మించి నేల రాదు. మధ్యవర్తి చెప్పిన సంఖ్య ఆ పరిమితిని కూడా దాటింది. సగటు తీసి గుణించే ఈ పద్ధతి అచ్చమైన దీర్ఘచతురస్రానికి సరిగ్గా వస్తుంది. మిగతా నాలుగు భుజాల ఆకారాలన్నిటికీ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపించదు. కాబట్టి తప్పు జరిగిన ప్రతిసారీ నష్టం కొనేవాళ్లదే.

అట్లాగని మధ్యవర్తి మిమ్మల్ని మోసం చేయాలనుకున్నాడని నేను అనను. ఈ లెక్క చాలా పాతది, చాలామంది నిజంగా నమ్మి వాడుతున్నారు. ఈజిప్టులో ఎడ్ఫూ గుడి గోడల మీద చెక్కిన పొలాల లెక్కల్లో ఇదే పద్ధతి ఉంది. మన బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ఈ పద్ధతిని చెబుతూనే దానికి స్థూల ఫలం అని పేరు పెట్టాడు, అంటే మోటు లెక్క. ఆ వెంటనే సూక్ష్మ ఫలం, అంటే ఖచ్చితమైన లెక్క, ఎట్లా కట్టాలో వేరే సూత్రం ఇచ్చాడు. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే ఆకారాలకు ఆ సూత్రం సరిగ్గా వస్తుంది. నాలుగు భుజాలకు అన్నిటికంటే ఎక్కువ నేల వచ్చేది కూడా అట్లా పడినప్పుడే, నేను పైన చెప్పిన 196.2 దానితో కట్టిందే. మోటు లెక్కతో ఎరువు బస్తాలు ఎన్ని కావాలో అంచనా వేసుకోవచ్చు. గజం 9 వేలు పోసి కొనేటప్పుడు అది పనికిరాదు.

ఇప్పుడు మీరిద్దరూ చేయాల్సిన పని. వచ్చే ఆదివారం ఉదయం ఎండ ఎక్కకముందే ప్లాటు దగ్గరికి వెళ్లండి. 100 అడుగుల టేపు, సుతిలి తాడు, రెండు మేకులు, ఒక నోటు పుస్తకం చాలు. సాయానికి ఇంకొకరు ఉంటే మంచిది. రోడ్డు మీది ఎడమ హద్దురాయి నుంచి వెనక కుడి హద్దురాయి దాకా సుతిలి బిగించి కట్టండి. కింద ముళ్లపొద గానీ మట్టికుప్ప గానీ ఉంటే తీయించండి, తాడు దాని మీదుగా పోతే కొలత పెరుగుతుంది. తాడు పక్కనే టేపు పెట్టి మళ్లీ కొలవండి. ఇక్కడ ఒక్క అడుగు తేడా వస్తే వైశాల్యం రెండు గజాలకు పైనే మారుతుంది, అంటే మీ లెక్కలో దాదాపు 20 వేలు. అందుకని రెండుసార్లు కొలిచి రెండూ రాయండి.

తర్వాత రోడ్డు మీది కుడి హద్దురాయి దగ్గర టేపు సున్నా పట్టుకుని పాపను నిలబెట్టండి. మీరు టేపు రెండో కొస పట్టుకుని సుతిలి దగ్గరికి వెళ్లండి. టేపు బిగువుగా ఉంచి తాడు వెంట అటూ ఇటూ నెమ్మదిగా జరుపుతూ అంకె చూడండి. తగ్గుతూ తగ్గుతూ ఒక చోట ఆగి మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఎక్కడ అన్నిటికంటే తక్కువ వచ్చిందో అదే ఆ మూలకూ తాడుకూ మధ్య నిటారు దూరం, దాన్ని లంబం అంటారు. మూలమట్టం అవసరం లేదు, కోణమానిని అవసరం లేదు. మీ కొలతల ప్రకారం అది 25 అడుగుల 3 అంగుళాల దగ్గర రావాలి, తాడు మీద ఆ చోటు ఎడమ హద్దురాయి నుంచి దాదాపు 26 అడుగుల దూరంలో ఉండాలి. అట్లాగే వెనక ఎడమ మూల నుంచి తాడు దాకా చూస్తే 23 అడుగులు రావాలి.

లెక్క చాలా చిన్నది. తాడు ప్లాటును రెండు త్రిభుజాలుగా కోసింది. త్రిభుజం వైశాల్యం ఎందుకు సగమో పాప అడిగితే ఒక చేతిరుమాలును మూల నుంచి మూలకు మడిచి చూపించండి. రెండు సమానమైన త్రిభుజాలు కనిపిస్తాయి, ఒక్కోటి రుమాలులో సగం. ఇక్కడ రెండు త్రిభుజాలకూ ఉమ్మడి భుజం (భూమి) ఆ 70 అడుగుల తాడే. కాబట్టి రెండు లంబాలనూ కలపండి: 25.25, 23 కలిపి 48.25. తాడులో సగం 35. ఈ రెంటినీ గుణిస్తే 1688.75 చదరపు అడుగులు. 9తో భాగిస్తే 187.6 గజాలు. పాప ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో చతుర్భుజం వైశాల్యం అని ఉండే సూత్రం ఇదే. దాన్ని పరీక్ష కోసం చదివి ఉంటుంది, హద్దురాళ్ల మధ్య నిలబడి వాడుకోవచ్చని ఎవరూ చెప్పి ఉండరు.

పైన 25 అడుగుల 3 అంగుళాలను 25.25 అని రాశాను చూడండి. చాలామంది 25.3 అని రాసేస్తారు. అడుగుకు 12 అంగుళాలు, 10 కాదు. 3 అంగుళాలు అడుగులో పావు వంతు కాబట్టి 0.25. 6 అంగుళాలైతే 0.5, 9 అయితే 0.75. ఇళ్ల ప్లానుల్లో కూడా ఈ తప్పు నేను లెక్కలేనన్నిసార్లు సరిదిద్దాను. అంగుళాలను 12తో భాగించి పాయింటు తర్వాత రాయాలని పాప పుస్తకం అట్ట మీదే రాసిపెట్టండి.

లంబాలు పట్టడానికి చెట్టో గోడో అడ్డమొస్తే వేరే దారి ఉంది. మూడు భుజాలు తెలిసిన త్రిభుజానికి హెరాన్ సూత్రం వాడొచ్చు. 36, 51, 70 త్రిభుజం చూద్దాం. మూడూ కలిపి సగం చేస్తే 78.5. అందులోంచి ఒక్కో భుజాన్ని తీసేస్తే 42.5, 27.5, 8.5. ఈ మూడింటినీ 78.5తో కలిపి గుణించి, ఫోన్ కాలిక్యులేటర్‌లో వర్గమూలం నొక్కితే 883 వస్తుంది. 32, 53, 70 త్రిభుజానికి అట్లాగే చేస్తే 805. కలిపితే 1688. రెండు దారుల్లోనూ ఒకటే జవాబు వచ్చిందంటే కొలత మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

పొలాల మాట కూడా ఒకటి చెప్పేస్తాను, కోరుట్ల వైపు ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుంది. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగుల చోటు, 121 గజాలు. 40 గుంటలు ఒక ఎకరం, 4840 గజాలు. 33 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకు: భూమి కొలిచే పాత గొలుసు పొడవు 66 అడుగులు, అందులో సగం. వంకర ఒడ్డున్న మడినైనా ఇట్లాగే మధ్యలో ఒక తాడు పట్టి, వంపు తిరిగిన ప్రతి చోట నుంచీ తాడుకు లంబం కొలిచి, ముక్కలు ముక్కలుగా లెక్క కట్టి కలుపుతారు. పొడవు వెడల్పులు సగటు చేసి గుణించడం అక్కడ ఇంకా ప్రమాదం.

ఇప్పుడు మీ బేరం సంగతి. కొలతలు పట్టే రోజు అమ్మేవాళ్లనూ మధ్యవర్తినీ పిలవండి. వాళ్ల కళ్ల ముందు కొలిస్తే తగాదాకు తావుండదు. "అన్నా, గజం రేటుకు మాట్లాడుకున్నాం కదా, గజాలు ఎన్నో అందరం కలిసి కొలుద్దాం" అనండి, తప్పు పట్టినట్టు కాకుండా. వాళ్లు ఒప్పుకోకపోతే లైసెన్సున్న సర్వేయర్‌తో కొలిపించి, నాలుగు భుజాలూ రెండు క్రాసులూ రాసిన ప్లాను తీసుకోండి. సర్వేయర్ ఫీజు 80 వేల ముందు చాలా చిన్నది. బయానా కాగితం ఒకసారి తీసి చదవండి. గజానికి ఇంత అని రాసి ఉంటే 187.6 గజాలకు 16 లక్షల 88 వేలు అవుతుంది. మొత్తానికి ఇంత అని రాసి ఉంటే రేటు గురించి మళ్లీ మాట్లాడాలి, అది రిజిస్ట్రేషన్‌కు ముందే జరగాలి. దస్తావేజులో గజాలతో పాటు చదరపు మీటర్లు కూడా రాస్తారు. ఒక గజం 0.836 చదరపు మీటరు కాబట్టి మీది 157 దగ్గర ఉండాలి. 164 అని కనిపిస్తే పాత లెక్కే ఎక్కిందని అర్థం, సంతకం పెట్టకుండా ఆపండి. మీ ఆయనకు కూడా కొలతల కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, దూరంలో ఉన్నవాళ్లకు అంకెలు చూస్తే ధైర్యంగా ఉంటుంది.

ఇల్లు కట్టేటప్పుడు కూడా ఈ క్రాస్ మళ్లీ అక్కరకొస్తుంది. పునాదికి ముగ్గు పోశాక గదికి రెండు క్రాసులూ సమానంగా వచ్చాయా అని మేస్త్రీని అడగండి. 12 అడుగులకు 16 అడుగుల హాలైతే రెండు వైపులా 20 అడుగులు రావాలి. లేకపోతే టైల్స్ వేసే రోజు గోడ పక్కన సన్నటి ముక్కలు కోయాల్సి వస్తుంది.

ఆదివారం చివర్లో ఒక్క పని మర్చిపోకండి. రోడ్డు మీది కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకు, అంటే రెండో క్రాస్ కూడా టేపు పట్టండి. మీరు పంపిన అయిదు కొలతలూ సరిగ్గా ఉంటే అది 53 అడుగులు రావాలి. రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అడుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడా కనిపిస్తే ఎక్కడో ఒక కొలత తప్పింది. అప్పుడు ఆరు కొలతలూ మళ్లీ పట్టి, ఏది ఏ మూల నుంచి ఏ మూలకో పాప చేత బొమ్మ గీయించి నాకు పంపండి. రిజిస్ట్రేషన్ తేదీకి ముందే లెక్క కట్టి రాస్తాను.